బోటు బిరడా

జులై సగానికొచ్చింది. మా బోటు ఇంకా నీళ్ళ మొహం చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

మా దక్షిణ డకోటాలో ఒక మంచు కరిగి ఇంకో మంచు పడేలోపు మనిషికి దక్కే ఎండ గుప్పెడు. ఆ గుప్పెడు ఎండలో హాల్వర్ సరస్సు పార్కుకి పోయి, చెట్ల కింద మా చక్రాల ఇల్లు, క్యాంపరు నిలబెట్టుకుని, బోటు దింపుకుని, చేప పడినా పడకపోయినా నీళ్ళ మీద కూర్చుని రావడానికే నేను మిగతా ఏడాదంతా బతుకుతాను. పెళ్ళైన నాటి నుంచీ ఇదే తంతు. అలాంటిది ఈ ఏడు పార్కుకైతే వస్తున్నాం కానీ బోటు మాత్రం ట్రాలీ దిగడం లేదు. వచ్చిన ప్రతిసారీ మా ఆయన ఎల్డన్ దగ్గర ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. గాలి ఎక్కువగా ఉందంటాడు. ఇంజను శబ్దం తేడాగా ఉందంటాడు. నీళ్ళు వేడెక్కి చేపలు అడుక్కి పోయాయంటాడు. అన్నిటికీ మించి నడుం నొప్పి. క్రిస్మస్‌కి ముందు పట్టుకున్న ఆ నడుం నొప్పి వల్లే పికప్పు ట్రక్కు తోలడం మానేశాడు, పొలమంతా కౌలుకిచ్చేశాడు. చలికాలమంతా ఆ నడుముకి మందు రాసీ రాసీ నా చేతులు పడిపోయాయి.

మనిషికి నొప్పి ఉంటే నేనేమన్నా రాక్షసినా? ఓపిక పట్టాను. కానీ ఎదురుగా అంత నీళ్ళు పెట్టుకుని ఎన్నాళ్ళని పడతాను! పక్క క్యాంపర్ల వాళ్ళు పొద్దున్నే బోట్లు దింపుకుని పోతుంటే, పిల్లలు ఈత ఒడ్డున కేరింతలు కొడుతుంటే, నేను కాలు కాలిన పిల్లిలా క్యాంపరు చుట్టూ తిరుగుతున్నాను. తుడిచిన బల్లే తుడుస్తున్నాను. ఎల్డన్ మాత్రం మడత కుర్చీలో కూర్చుని ఆకాశం వైపు మొహం పెట్టుకుని ఉంటాడు.

శుక్రవారం సాయంత్రం పొయ్యి మీద గొర్రెమాంసం ముక్కలు వేయిస్తుంటే, నా వెనక నుంచి చల్లగా చెప్పాడు.

“ఆదివారం లైల్ వస్తానన్నాడు. బోటు చూసుకోడానికి.”

లైల్ మా పొలం కౌలుకి తీసుకున్నవాడు.

“మన బోటు లైల్ చూడందా? కొత్తగా ఏం చూస్తాడు?”

“కొనుక్కుంటాడంట.”

చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. “నన్నడిగావా?”

“ఇప్పుడు చెప్తున్నాగా.”

“చెప్పడం వేరు, అడగడం వేరు. నువ్వు అమ్ముతున్నది నీ టోపీ కాదు ఎల్డన్!”

“నడుం సహకరించట్లేదే. ఊరికే ఎండకి పాడవడం దేనికి?”

ఇక ఎల్డన్ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. మాంసం ముక్కలు కళ్ళం దగ్గర గింజలు ఏరుకున్నట్టు నెమ్మదిగా ఏరుకుని తిన్నాడు, పడుకున్నాడు.

నాకు నిద్రెక్కడిది? అసలు సంగతి చెప్పాలి. ఇంట్లో ఎల్డన్ మాట్లాడడు. మా వైపు మగవాళ్ళందరూ అంతే, మాట ఖర్చయిపోతుందని భయం. కానీ బోటెక్కి, ఇంజను ఆపి, గాలం నీళ్ళలో వేశాడా, ఆ మనిషే వేరు. చిన్నప్పుడు గుర్రం తన్నిన సంగతి, పోయిన తమ్ముడి సంగతి, నన్ను మొదటిసారి చర్చి భోజనాల దగ్గర చూసినప్పుడు కాఫీ ఒలకబోసుకున్న సంగతి, అన్నీ నీళ్ళ మీదే విన్నాను. గట్టు ఎక్కగానే మళ్ళీ తాళం. ఆ బోటు లైల్ పట్టుకుపోతే నా మొగుడి గొంతు కూడా వాడి ట్రాలీకే కట్టుకుపోతాడు. అది నేను భరించలేను.

శనివారం లేచేసరికి గాలి పడిపోయింది. మా మైదానంలో గాలి లేని రోజంటే పండగే. సరస్సు నున్నటి బల్లలా పరుచుకుని ఉంది. గూడబాతులు నీళ్ళ మీద బద్ధకంగా తేలుతున్నాయి.

“బోటు దింపుతున్నాం ఇవాళ” అన్నాను కాఫీ గ్లాసు అతని చేతిలో పెడుతూ.

“నడుం...”

“నడుం లేదు గిడుం లేదు. అమ్మేముందు ఒక్కసారి ఎక్కాలి నేను. నువ్వు దింపకపోతే నేనే దింపుతా.”

గొడవకి నడుం బిగించే ఉన్నాను నేను. ఎల్డన్ కాఫీ గుక్కెడు తాగాడు.

“సరే, నువ్వే దింపు” అన్నాడు.

బోట్లు నీళ్ళలోకి దింపే వాలుదారి, ర్యాంపు దగ్గర స్టీరింగు ఆడదానికి ఇచ్చిన మగవాణ్ణి మా జిల్లాలో నేను చూడలేదు. కోతల కాలంలో గోధుమ ట్రాలీని గిడ్డంగి తలుపులోకి వెనక్కి పెట్టేది నేనే, అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. అదే ట్రాలీ మీద బోటుంటే మాత్రం పికప్పులో మగవాడు కూర్చోవాలి, ఆడది దిగి ఎండలో నిలబడాలి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు.

ఆడదాని పనేమో కనిపించని పని. బోటు పట్టీలు విప్పాలి. తాడు పట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు బిరడా బిగించాలి. ఒక సరస్సు నీళ్ళు ఇంకో సరస్సుకి పోకూడదని రూలు కాబట్టి, రోడ్డు మీద ఉన్నంతసేపూ బోటు వెనక అడుగున ఉన్న రంధ్రానికి బిరడా తీసే ఉంచాలి. నీళ్ళలోకి దింపే ముందు మళ్ళీ బిగించాలి. బొటనవేలంత ఇత్తడి బిరడా, అది మరిచిపోయి బోటు ముంచుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. మా ఇల్లొక్కటే మినహాయింపు. ఎందుకంటే మా ఇంట్లో ఆ పని నాది.

ర్యాంపు దగ్గరికి పోయేసరికి మాకు ముందు వరుసలో బోట్లున్నాయి. మా పార్కులో సినిమా హాలు లేదు, ర్యాంపుంది. శనివారం పొద్దున్న మడత కుర్చీలు తెచ్చుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఊస్తూ, మొగుడూ పెళ్ళాల కొట్లాటలు చూడటానికి జనం కూర్చుంటారు. ముందు కుర్చీలో మా పాత స్నేహితుడు గేలెన్, పక్కన వాడి భార్య మిర్నా.

వరుస కదలదు. నేను స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాను, కాలు ఆడిస్తున్నాను, అద్దం సర్దుతున్నాను, మళ్ళీ సర్దుతున్నాను. గాలి లేస్తే? లేస్తే ఎల్డన్ మళ్ళీ వెనక్కి పోదామంటాడు. ఆకాశం పడమటి వైపు చూశాను, మబ్బు లేదు. మనసు మాత్రం కుదుటపడటం లేదు. పక్కన ఎల్డన్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

“ఏంటి ఆర్డిస్, డ్రైవరువి నువ్వా? ఎల్డన్ని పనిలోంచి తీసేశావా?” గేలెన్ అరిచాడు.

“పని చేస్తే కదా, తీసెయ్యడానికి!”

“కుర్చీలు వెనక్కి జరుపుకోండ్రోయ్!”

“నువ్వు నోరు మూసుకో గేలెన్,” మిర్నా అంది. “పోయినేడు పట్టీలు విప్పకుండా దింపి, బోటేది బోటేదని వెతికింది నువ్వు కాదూ?”

అందరూ నవ్వారు. ఎల్డన్ కూడా నవ్వాడు, ఒక లిప్త ఆలస్యంగా.

మా వంతు వచ్చింది. “దిగు. పట్టీలు విప్పు, బిరడా పెట్టు, తాడు పట్టుకో. అంతే” అన్నాను.

“తెలుసులే.”

“తెలిస్తే మంచిదే.”

వెనక్కి పోయాడు. పోయిన మనిషి రాడు. పట్టీల చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఏమీ లేదు. మా వెనక వరుస పెరుగుతోంది. మా దగ్గర హారన్లు కొట్టరు, గొంతులు సవరించుకుంటారు. ఇద్దరు ముగ్గురు సవరించుకున్నారు. అద్దంలో చూస్తే ఎల్డన్ బోటు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, దూడని నిమిరినట్టు అడుగు భాగం నిమురుతున్నాడు.

“అయిందా?” కిటికీలోంచి అరిచాను.

నిమురుతూనే ఉన్నాడు.

“ఎల్డన్! జనం చూస్తున్నారయ్యా!”

లేచి నిలబడ్డాడు. “ఆఁ... పోనీ” అన్నాడు.

పోనిచ్చాను. ఎలా పోనిచ్చానంటే, గేలెన్ నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. ఒక్క దెబ్బకి, అటు ఒరగకుండా ఇటు ఒరగకుండా, గీత గీసినట్టు ట్రాలీ నీళ్ళలోకి దిగింది. బోటు తేలింది. మిర్నా లేచి చప్పట్లు కొట్టింది. ఎల్డన్ తాడు పట్టుకుని ర్యాంపు పక్కనున్న చెక్కపలకల వంతెన మీద నిలబడ్డాడు. నేను పికప్పు పైన పెట్టి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ, పెళ్ళికూతురిలా నడుచుకుంటూ కిందికి వస్తున్నాను. నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ నడవలేదు.

“ఆర్డిస్!” మిర్నా కేక పెట్టింది. “మీ బోటు చూడు!”

చూశాను. పడుకోబోయే ఆవులా వెనక్కి వంగిపోతోంది బోటు. ఇంజను సగం దాకా మునిగింది. గాలాల పెట్టె లోపల తేలుతోంది. ఎల్డన్ తాడు రెండు చేతులా పట్టుకుని రాయిలా నిలబడి ఉన్నాడు.

ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. మళ్ళీ పికప్పు తెచ్చి వెనక్కి పెట్టాను. గేలెన్ చెప్పులతోనే నీళ్ళలోకి దూకాడు, వెనక వరుసలోంచి ఇంకో ఇద్దరు దూకారు. తోసి, లాగి, బోటుని ట్రాలీ మీదికి ఎక్కించారు. ర్యాంపు మీదికి లాక్కొచ్చి పక్కన ఆపాను. వెనక రంధ్రంలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. బిరడా లేదు.

ఇక నా నోటికి అడ్డేముంది! “ఒక్క పని ఎల్డన్! ఒకే ఒక్క పని చెప్పాను నీకు! ఎండలో, వానలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా వంగుని బిగించాను నేను. ఒక్కరోజు నీకప్పజెప్తే బోటు ముంచావ్! ఎక్కడ బిరడా? ఇంట్లో పెట్టొచ్చావా?”

ఎల్డన్ చొక్కా జేబులోంచి బిరడా తీసి చూపించాడు.

అది పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. “జేబులో పెట్టుకుని మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

“మరి?”

కుర్చీల్లో జనం ఒక్కసారిగా మొక్కజొన్న గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈ ఏడు వానలు బాగా పడ్డాయనీ, పక్క జిల్లాలో వడగళ్ళు పడ్డాయనీ. ఎవరిదైనా పరువు పోతుంటే మా వాళ్ళు చేసే మర్యాద అది.

“రంధ్రం దొరకలేదు” అన్నాడు ఎల్డన్ మెల్లిగా.

“దొరక్కపోడమేంటి? రాత్రికి రాత్రి ఇల్లు మారిందా?”

“అరవకే. కనబళ్ళేదు నాకు. తడిమి చూశా, చేతికి తగల్లేదు. వెనకాల అంతమంది ఉన్నారు. ఇంకాసేపు తడుముకుంటే అందరికీ తెలిసిపోద్దని...”

“ఏం తెలిసిపోద్ది?”

అతను నా వైపు ఒక అడుగు వేశాడు. “మధ్యలో ఉన్నది కనబడదు ఆర్డిస్. చుట్టూతా కనబడుద్ది. దేన్ని చూద్దామనుకుంటే దాని మీద మసి పూసినట్టుంటది. పోయినేడు కోతలప్పుడు మొదలైంది. యంత్రం సామాను కోసమని సిటీకి పోలా? అప్పుడు కళ్ళ డాక్టర్ని కలిశా. రెండు కళ్ళకీ ఉందంట. తగ్గేది కాదంట.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట్లోంచి వచ్చిన మొదటి ముక్క ఇది.

“మరి నడుం?”

“నడుం బానే ఉంది.”

చలికాలమంతా బంగారంలాంటి నడుముకి మందు రాయించుకున్నాడు ఈ మనిషి! ఆ వాసనకి పిల్లి కూడా ఇంట్లో ఉండేది కాదు. నాకు కోపం తన్నుకొచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. ట్రాలీ చక్రం పట్టుకుని నిలబడ్డాను. పికప్పు ఎందుకు మానేశాడో, పొలం ఎందుకు ఇచ్చేశాడో, నవ్వు ఎందుకు ఆలస్యమవుతోందో, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి మీద పడ్డాయి. బోటు మునుగుతుందని తెలుసు ఆయనకి. తెలిసీ పోనీ అన్నాడు. ప్రాణంలా చూసుకున్న బోటుని మునగనిచ్చాడు కానీ, “ఆర్డిస్, ఒకసారి ఇటు రా” అన్న మాట మాత్రం గొంతు దాటనివ్వలేదు.

“కట్టెయ్, ఇంటికి పోదాం” అన్నాడు. “రేపు లైల్ తీసుకుపోతాడు. అయిపోద్ది.”

“ఏం అయిపోద్ది?”

“వరుసలో జనం ఆగున్నారే.”

“ఆగనీ! వాళ్ళకి పొలం పనులేం లేవు, అందరూ ఆడుకోడానికొచ్చినవాళ్ళే!” గట్టిగానే అన్నాను. వరుసలో మొదటి పికప్పువాడు తల బయటపెట్టి, “పర్లేదమ్మా, మాకేం తొందర లేదు” అన్నాడు. తొందర ఉన్నా మా వాళ్ళు అదే అంటారు, కానీ ఆ పూట వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అంత నీళ్ళు అంత చిన్న రంధ్రంలోంచి పోవాలంటే ఎంతసేపు పడుతుందో! నేను బోటు ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. ఏడవలేదు. ఏడిస్తే ఎల్డన్‌కి ఇంటికి పోవడానికి ఇంకో సాకు దొరుకుతుంది. ధార సన్నబడి, చుక్కలయ్యాక, వెళ్ళి ఎల్డన్ చెయ్యి పట్టుకున్నాను.

జనంలో చేతులు పట్టుకునే రకం కాదు మేము. తమ్ముణ్ణి పూడ్చిపెట్టిన రోజు కూడా ఎల్డన్ చేతులు ఎల్డన్ జేబుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు. బోటు వెనక మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నేనూ పక్కన కూర్చుని, అతని చూపుడు వేలు తీసుకెళ్ళి రంధ్రం మీద పెట్టాను.

“ఇదిగో. ఇక్కడ.”

అక్కడి దాకా తీసుకుపోతే చాలు, ఆ చేతులకి ఇంకేం చెప్పక్కర్లేదు. బిరడా పెట్టాడు, తిప్పాడు, చివర్న ఒకసారి గట్టిగా బిగించాడు. లేచేటప్పుడు నా భుజం ఆసరా చేసుకున్నాడు. మిర్నా మొహం సరస్సు వైపు తిప్పుకుని ముక్కు తుడుచుకుంటోంది. గేలెన్ తడి చెప్పులు విప్పి వాటిలో ఏదో వింత ఉన్నట్టు పరీక్షగా చూస్తున్నాడు.

బోటుని మళ్ళీ నీళ్ళలోకి దింపాం. ఇంజను రెండు మూడుసార్లు దగ్గి అందుకుంది. ఈసారి నడిపింది నేనే. గట్టు మీది చప్పుళ్ళు వినపడనంత దూరం పోనిచ్చి, సరస్సు నడిబొడ్డున ఆపాను. చుట్టూ నీళ్ళు, నీళ్ళ చుట్టూ గడ్డి, గడ్డి మీద ఆకాశం. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన చోటికి వచ్చాను. వచ్చినా ఒళ్ళు నిలవడం లేదు. గాలం తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

ఎల్డన్ బోటు అంచు మీంచి చెయ్యి నీళ్ళలో పెట్టి ఆడించాడు.

“చెప్తే ముందు నువ్వే బోటు అమ్మేద్దామంటావనుకున్నా. నీ నోట్లోంచి ఆ మాట వినలేక నేనే అనేశా. గుడ్డివాడితో నీళ్ళ మీద నీకేం సరదా ఆర్డిస్? గాలానికి ముడెయ్యలేను. ఎదురుగా బోటొస్తే చెప్పలేను.”

“ముడి నేనేస్తా. బోటొస్తే నేను చూస్తా. నువ్వు మాట్లాడు, అంతే. నువ్వు మాట్లాడకపోతే నాకు పిచ్చెక్కుద్ది, ఎల్డన్. ఇల్లంతా గడియారం చప్పుడే.”

అతను తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“రేపు లైల్ వస్తే కాఫీ ఇచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా కళ్ళు పోతున్నాయి, బోటు ఎక్కడికీ పోవట్లేదు అని చెప్పు. నువ్వే చెప్పాలి, నేను చెప్పను.”

“సరే.”

సరే అన్న మనిషి మొహం నా వైపు లేదు. ఎక్కడో కుడిపక్కన, రెల్లు గడ్డి వైపు తిప్పుకుని ఉన్నాడు. నాకు మళ్ళీ రేగింది. ఇంత జరిగాక కూడానా! పోయిన చలికాలం నుంచీ ఇదే వరస. బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తుంటే కిటికీ వైపు చూస్తాడు. పక్క మీద మాట్లాడుతుంటే గోడ వైపు చూస్తాడు. నా మొహం మొత్తిందా, ఆ కిటికీలో ఏముందని ఎన్నిసార్లు పోట్లాడానో.

“నేనిక్కడుంటే చూపు అక్కడేంటి? చెప్పేదేదో నా మొహం చూసి చెప్పు.”

ఎల్డన్ మొహం తిప్పలేదు.

“చూస్తూనే ఉన్నా” అన్నాడు. “నీ వైపు తిరిగితే నువ్వు కనబడవే. ఇలా పక్కకి తిరిగితేనే, ఈ చివర్న కనబడతావు. ముక్కు మీద కందిపోయింది, టోపీ పెట్టుకో.”

టోపీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే మొహం మీద నీడ పడుతుంది. చేతిలోని గాలం కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎంతసేపు చూసుకుంటాడో చూసుకోనీ అని కదలకుండా కూర్చున్నాను.